45 దాటాక బేస్‌బాల్: వీకెండ్ టోర్నమెంట్లకి ఊళ్లు తిరిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డాలస్ గుంటూరోడు · ఫ్రిస్కో, టెక్సస్

అందరికీ నమస్కారం. నాకు 47. మన అందరిలాగే క్రికెట్ పిచ్చితోనే పెరిగాను. ఆఫీసులో ఒక ప్యూర్టో రికో ఆయన "ఒక ఆదివారం వచ్చి చూడు" అని లాక్కెళ్లడంతో బేస్‌బాల్ అలవాటైంది. ఇప్పుడు ఇక్కడి 45 ప్లస్ లీగ్‌లో సెకండ్ బేస్ (పరుగు దారిలో రెండో మజిలీ) దగ్గర ఫీల్డర్‌గా ఆడుతున్నాను. బ్యాటింగ్ అంతంత మాత్రం, ఫీల్డింగ్ పరవాలేదు.

మా మేనేజర్ సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి పక్క రాష్ట్రంలో మూడు రోజుల టోర్నమెంట్‌కి వెళ్దామంటున్నాడు. అది బాగా జరిగితే అక్టోబర్‌లో ఫీనిక్స్‌లో ఎంఎస్‌బీఎల్ (పెద్ద వయసు మగవాళ్ల బేస్‌బాల్ లీగ్) వరల్డ్ సిరీస్‌కి. పేరు చూసి కంగారు పడకండి, మన వయసు విభాగంలో టీమ్‌ని కూడగట్టుకుని ఫీజు కడితే ఆడొచ్చు.

నా డౌట్లు: ఖర్చు ఎంతవుతుంది? మూడు రోజుల్లో నాలుగైదు మ్యాచ్‌లు ఈ ఒళ్లు తట్టుకుంటుందా? అన్నిటికంటే ముఖ్యం, అంత దూరం వెళ్లాక నాలాంటి యావరేజ్ ప్లేయర్‌ని ఆడిస్తారా, బెంచ్ మీద కూర్చోబెడతారా?

రైట్ ఆర్మ్ మీడియం · హైదరాబాద్

అన్నా, ఏమనుకోకు. డాలస్‌లో మనోళ్ల క్రికెట్ లీగులు బోలెడున్నాయి కదా. 47 ఏళ్లకి కొత్త ఆట ఎందుకు? నాలుగు ఓవర్లు వేసుకుని బిర్యానీ తిని రాక!

డాలస్ గుంటూరోడు

ఆ నాలుగు ఓవర్లు ఎవరిస్తున్నారు తమ్ముడూ? 28 ఏళ్ల కుర్రాళ్ల మధ్య నేను "అంకుల్"ని. 20 ఓవర్లు లాంగాన్‌లో నిలబెడతారు, బ్యాటింగ్ ఎనిమిదో నంబర్, అది కూడా వస్తే. ఒక్క బంతి ఆడి ఔటైతే ఆ శనివారం అక్కడితో సరి. ఇక్కడ లీగ్ మ్యాచ్‌లో వచ్చినవాళ్లందరినీ బ్యాటింగ్ ఆర్డర్‌లో పెడతారు, తొమ్మిదిమందే ఉండాలని లేదు. మూడుసార్లైనా బ్యాట్ పట్టుకుంటాను. మొదటిసారి ఔటైతే నలభై నిమిషాల్లో మళ్లీ ఛాన్స్. పైగా 45 ప్లస్‌లో 47 అంటే కుర్రాడి కిందే లెక్క.

ఫీనిక్స్ బాబాయ్ · చాండ్లర్, అరిజోనా

తమ్ముడూ, నేను 55 ప్లస్‌లో ఆడతాను. ఊరు ఇదే కాబట్టి నాకు హోటల్ ఖర్చు లేదు. బయటి నుంచి వచ్చే టీమ్‌మేట్లు మా హాల్లో చాపలేసుకుని పడుకుంటారు కాబట్టి మా ఆవిడకి మాత్రం ఓపిక ఖర్చు.

ముందు ఫీనిక్సే ఎందుకో చెప్తాను. మేజర్ లీగ్‌లో (ఇక్కడి టాప్ ప్రొఫెషనల్ లీగ్) ఉన్న 30 జట్లలో 15 జట్లు ఫిబ్రవరి, మార్చిలలో స్ప్రింగ్ ట్రైనింగ్‌కి, అంటే సీజన్ ముందు ప్రాక్టీస్‌కి, ఈ చుట్టుపక్కలకే వస్తాయి. కాక్టస్ లీగ్ అంటారు. మిగతా 15 ఫ్లోరిడాకి పోతాయి. ఇక్కడ పియోరియాలో పాడ్రెస్, మారినర్స్. మేసాలో కబ్స్. గ్లెండేల్‌లో డాడ్జర్స్, వైట్ సాక్స్. ఒక్కో చోట పెద్ద స్టేడియం ఒకటి, దాని వెనక వరసగా ప్రాక్టీస్ గ్రౌండ్లు. ఒకే ఊళ్లో ఇన్ని మంచి గ్రౌండ్లు, వాన భయం తక్కువ, హోటళ్లు కావలసినన్ని. అందుకే అక్టోబర్ వచ్చిందంటే దేశం నలుమూలల నుంచి నెరిసిన జుట్ల బృందాలు దిగుతాయి. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాట్ బ్యాగులు చూస్తే నీకే అర్థమవుతుంది.

ఫ్లోరిడాలో ఇలాంటిదే ఫోర్ట్ మైయర్స్‌లో రాయ్ హాబ్స్ వాళ్లది ఉంది, అది కూడా అక్టోబర్, నవంబర్‌లలోనే. రెడ్ సాక్స్, ట్విన్స్ జట్లు స్ప్రింగ్‌లో ఉండే ఊరు. అక్కడ పై వయసు విభాగాల పేర్లు వింటే నవ్వొస్తుంది: టైమ్‌లెస్, ఫరెవర్ యంగ్! 75 దాటినవాళ్లకీ విభాగం ఉంది. ఒకసారి వాళ్ల మ్యాచ్ చూడు. పరుగు నెమ్మదే. కానీ డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దర్ని ఔట్ చేయడం) చేసేటప్పుడు చేతుల్లో తొట్రుపాటు ఉండదు, అరవై ఏళ్ల అలవాటు మరి.

ఇక ఖర్చు. ఫ్లైట్, హోటల్ నువ్వే చూసుకోగలవు. తెలుసుకోవలసింది టీమ్ ఫీజు సంగతి. టోర్నమెంట్ ఎంట్రీ ఫీజు టీమ్ మొత్తానికి ఒకటే, వేల డాలర్లలో ఉంటుంది. దాన్ని రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) ఉన్నవాళ్లు తలా ఇంత వేసుకుంటారు. 12 మంది ఉంటే తలకి ఎక్కువ పడుతుంది, 18 మంది ఉంటే తక్కువ. తక్కువ పడుతోందని సంబరపడకు. నీ మూడో డౌట్‌కి మూలం అక్కడే ఉంది.

ఇంకో సంగతి. అరిజోనాలో గడియారం మార్చరు. అక్టోబర్‌లో మీ డాలస్‌కీ మాకూ రెండు గంటలు తేడా, నవంబర్ మొదటి ఆదివారం దాటాక ఒక గంటే. పొద్దున 8 గంటల మ్యాచ్ అంటే మీ ఒంటికి పది అయినట్టు, అది మీకు లాభమే. మధ్యాహ్నం మ్యాచ్ పడితే మాత్రం అక్టోబర్ మధ్యలో కూడా 30 డిగ్రీలు దాటుతుంది. గాలి పొడిగా ఉండడంతో చెమట పట్టినట్టే తెలీదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండు.

కీళ్ల అక్కయ్య · రాలీ, నార్త్ కరోలినా

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. సోమవారం పొద్దున నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో ఈ బాపతు చాలామందే ఉంటారు, అందుకే రాస్తున్నాను.

గుంటూరు తమ్ముడు గారూ, మీరు ముందు భయపడాల్సింది భుజం గురించి కాదు, తొడ వెనక కండరం గురించి. హోమ్ ప్లేట్ (బ్యాటింగ్ చేసే చోటు) నుంచి ఫస్ట్ బేస్‌కి 90 అడుగులు, అంటే 27 మీటర్ల పైచిలుకు. డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) ఇరవై నిమిషాలు కూర్చుని, లేచి, బ్యాట్ ఊపి, ఆ ఊపులోనే ఒళ్లు మెలితిరిగి ఉండగా ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకోవాలి. క్రికెట్‌లో నాన్ స్ట్రైకర్‌గా అటూ ఇటూ నడుస్తూ ఉంటారు కాబట్టి కాళ్లు వేడిగానే ఉంటాయి. ఇక్కడ కాళ్లు చల్లబడిపోతాయి. ఫస్ట్ బేస్‌కి పదడుగుల దూరంలో "అబ్బా" అని పట్టుకునేది అందుకే.

వెళ్లడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మొదలుపెట్టండి. నార్డిక్ కర్ల్స్ అని ఒక వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, చీలమండలు ఎవరైనా పట్టుకుంటే, నడుము వంచకుండా నెమ్మదిగా ముందుకి వాలడం. ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఈ కండరం గాయాలు తగ్గాయని దీని మీద మంచి పరిశోధనే ఉంది. మొదట్లో కొద్దిగా చాలు, మర్నాడు మెట్లు దిగేటప్పుడు నన్ను తిట్టుకుంటారు. మ్యాచ్ రోజున మీ బ్యాటింగ్‌కి ముందు ఇంకా ముగ్గురు ఉండగానే లేచి డగౌట్ వెనక రెండు మూడు చిన్న పరుగులు తీయండి.

రెండోది, ఇంకా ముఖ్యం. నొప్పి రాకుండా ముందే రెండు ఐబుప్రొఫెన్ మింగి గ్రౌండ్‌లోకి దిగే అలవాటు ఈ వయసు టీముల్లో విపరీతం. బీపీ మందులు వాడేవాళ్లకి, ముఖ్యంగా ఒంట్లో నీరు ఎక్కువగా పోయే మాత్రలు వేసుకునేవాళ్లకి, ఎండలో, నీళ్లు తక్కువైనప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది. డాక్టర్‌ని అడిగి గానీ వేసుకోవద్దు. ఛాతీలో బరువుగా అనిపించినా, దవడ లాగినా, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చినా "ఈ ఇన్నింగ్స్ అయ్యాక చూద్దాం" అనొద్దు. అప్పటికప్పుడు 911కి ఫోన్ చేయించండి. గ్రౌండ్‌లో ఏఈడీ (గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషీన్) ఎక్కడుందో మేనేజర్‌ని మొదటి రోజే అడిగి పెట్టుకోండి.

హెడ్ ఫస్ట్ స్లైడింగ్ (తల ముందుకి పెట్టి బేస్ మీదకి జారడం) కుర్రాళ్లకి వదిలేయండి. వేళ్లు విరిగితే సోమవారం కీబోర్డ్ ఎవరు కొడతారు?

డాలస్ గుంటూరోడు

అక్కయ్య గారూ, చాలా థ్యాంక్స్. ఐబుప్రొఫెన్ సంగతి మా డగౌట్‌లో గోడకి అంటిస్తాను. మా వాళ్లు దాన్ని పిప్పరమెంట్లలా పంచుకుంటారు.

లెఫ్టీ లింగం · షార్లెట్

మూడో ప్రశ్నకి నా అనుభవం వినండి. టీమ్ పేరు చెప్పను, మంచివాళ్లే. ఒకాయన ఫోన్ చేసి "మాకు అవుట్‌ఫీల్డర్ తక్కువయ్యాడు, పికప్ ప్లేయర్‌గా వస్తావా" అన్నాడు. ఫ్లైట్, హోటల్, టీమ్ ఫీజు అన్నీ నా జేబులోంచే. దిగాక చూస్తే రోస్టర్ 19 మంది. నాలాంటి పికప్ గాళ్లే ఆరుగురు.

శుక్రవారం మ్యాచ్ అందరూ ఆడారు, నవ్వులే నవ్వులు. అది ఓడిపోగానే మేనేజర్ మొహం మారిపోయింది. శనివారం నుంచి "ఇవాళ కాస్త సీరియస్‌గా ఆడదాం" అన్నాడు. సీరియస్ అంటే నేను బెంచ్ మీద, వాళ్ల పాత స్నేహితులు గ్రౌండ్‌లో. సన్‌ఫ్లవర్ గింజలు నములుతూ, పొట్టు కప్పులోకి ఉమ్ముతూ, ఫస్ట్ బేస్ దగ్గర కోచ్‌గా నిలబడి అందరికీ చప్పట్లు కొట్టాను. ఆదివారం చివర్లో కర్టసీ రన్నర్‌గా పంపారు. కాటరాక్ట్ ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన హిట్ కొడితే ఆయన బదులు నేను పరిగెత్తాను. ఆ పెద్దాయన మాత్రం "నా కాళ్లు నువ్వే బాబూ" అని భుజం తట్టాడు. ఆ డబ్బుతో ఇండియా టికెట్‌లో సగం వచ్చేది.

గెలుపు కోసమే అయితే జీతమిచ్చి పిలవాలి. డబ్బు నా దగ్గర తీసుకుని నన్నే కూర్చోబెడితే ఎలా?

మేనేజర్ మావయ్య · ఎడిసన్, న్యూజెర్సీ

లింగం గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ పక్క కుర్చీలో కూర్చున్నవాడి గోడు కూడా వినండి. నేను 50 ప్లస్ టీమ్ నడుపుతున్నాను.

మూడు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు, ఆదివారం దాకా మిగిలితే ఐదు. నా దగ్గర 12 మందే ఉంటే శనివారం మధ్యాహ్నానికి తొమ్మిది మంది మిగులుతారు. ఒకడికి తొడ పట్టేస్తుంది, ఒకడికి నడుము, ఒకడి కూతురు పెళ్లిచూపుల ఫోన్. ఎనిమిది మందితో ఆడాల్సి వస్తే తొమ్మిదో స్థానం వచ్చిన ప్రతిసారీ ఔట్ రాసే రూల్ ఉన్న టోర్నమెంట్లూ ఉన్నాయి. అందుకని 15 మందిని పట్టుకెళ్తాను. 19 మాత్రం తప్పే, అది ఫీజు తగ్గించుకోవడానికి చేసిన పని.

అసలు కరువు పిచర్లది, అంటే బంతి వేసేవాళ్లది. ఈ వయసులో భుజం బాగున్నవాడు వారానికి ఒకసారి వేయగలడు. ఇక్కడ మూడు రోజుల్లో ముప్పై నలభై ఇన్నింగ్స్‌కి (బేస్‌బాల్‌లో మూడు ఔట్లకే జట్టు వంతు అయిపోతుంది) మనుషులు కావాలి. శుక్రవారం పది పరుగులు వెనకబడితే, మంచి పిచర్‌ని ఆ మ్యాచ్‌లో వాడేయాలా, శనివారానికి దాచుకోవాలా? పాయింట్లు సమమైతే చాలా చోట్ల ఎవరు తక్కువ పరుగులిచ్చారో చూస్తారు. అందుకని ఓడిపోయే మ్యాచ్‌లో కూడా పరుగులు లెక్క పెట్టుకోవాలి. ఇవన్నీ తలలో తిరుగుతుంటే మేనేజర్ మొహం మారకేం చేస్తుంది?

మా టీమ్ పద్ధతి చెప్తాను. గ్రూప్ మ్యాచ్‌ల్లో 15 మందీ బ్యాటింగ్ చేస్తారు. ఫీల్డింగ్‌లో ఫ్రీ సబ్‌స్టిట్యూషన్, ప్రతివాడికీ కనీసం మూడు ఇన్నింగ్స్. నాకౌట్‌కి వెళ్తే మాత్రం బెస్ట్ నైన్. ఇదంతా డబ్బు కట్టకముందే ఈమెయిల్‌లో రాసి పంపుతాను. ఒప్పుకున్నవాడే వస్తాడు.

ఫీనిక్స్ బాబాయ్

మావయ్య గారూ, మిగతాదంతా బాగుంది గానీ ఆ నాకౌట్ రూల్ నాకు నచ్చలేదు. గ్రూప్ మ్యాచ్‌లు గెలిపించినవాడు ఆదివారం పనికిరాకుండా పోతాడా? మా టీమ్‌లో ఫైనల్ అయినా సరే అందరూ బ్యాట్ పట్టాల్సిందే.

మేనేజర్ మావయ్య

ఎన్ని ఫైనల్స్ గెలిచారేంటి?

ఫీనిక్స్ బాబాయ్

ఒక్కటీ లేదు. అయితే? మా టీమ్ చాలా ఏళ్లుగా చెక్కుచెదరలేదు. గెలిచే టీములు ఏటా సగం మందిని మార్చుకుంటూ ఉంటాయి, చూశారా ఎప్పుడైనా?

మేనేజర్ మావయ్య

చూశాను లెండి, మాది కూడా మూడో వంతు మారుతుంది. కానీ 62 ఏళ్ల షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) ఒకాయన జీవితంలో ఒక్కసారైనా ఛాంపియన్ రింగ్ పెట్టుకోవాలని వస్తాడు. హైస్కూల్లో స్టార్, తర్వాత నలభై ఏళ్లు ప్లంబింగ్. ఆయనకి "అందరం ఆడాం కదా" అంటే సరిపోదు. సరదాకి వచ్చినవాడినీ కసితో వచ్చినవాడినీ ఒకే డగౌట్‌లో పెడితేనే గొడవ. టీమ్ ఎంచుకునేటప్పుడు ఆ ముక్క అడగాలి.

మోడరేటర్

టాపిక్‌కి సంబంధం లేని ఊరి గొడవల పోస్టులు రెండు తీసేశాను. బేస్‌బాల్ థ్రెడ్‌లో కూడా ఏ జిల్లావాళ్లు గొప్ప అనేది అవసరమా?

సుభద్ర · సాన్ హోసే

మా ఆయన 52. ఇంట్లో ఎలా ఒప్పించాలని గుంటూరు అన్నయ్య గారు పైకి అడగలేదు గానీ అది మనసులో ఉంటుందని నాకు తెలుసు.

ఒప్పించడం అనేది లేదండీ, ముందే చెప్పడమే ఉంది. జనవరిలో కొత్త క్యాలెండర్ మీద ఆయన టోర్నమెంట్లు ఎర్ర పెన్నుతో, పిల్ల డాన్స్ ప్రోగ్రామ్‌లు, మా చుట్టాల గృహప్రవేశాలు నీలం పెన్నుతో రాస్తాం. ఎరుపు, నీలం ఒకే శనివారం మీద పడితే నీలమే గెలుస్తుంది. ఆయన ఎన్ని వీకెండ్లు తీసుకుంటే నాకూ అన్ని. నేను నా స్నేహితురాళ్లతో ఎటెళ్లినా ఆ రెండు రోజులు వంట, పిల్లలు ఆయనవే. మొదట్లో సణిగాడు, ఇప్పుడు పప్పుచారు నాకంటే బాగా పెడతాడు.

ఇంకో మాట, ఒక్కసారి మీ ఆవిడని తీసుకెళ్లండి. నేను విసుక్కుంటూనే వెళ్లాను. పక్కన డెబ్బై ఏళ్ల ఒక అమెరికన్ ఆవిడ స్కోర్‌బుక్ ఒళ్లో పెట్టుకుని పెన్సిల్‌తో రాస్తోంది. నాకూ నేర్పింది. ప్రతి ఫీల్డర్‌కీ ఒక నంబర్. షార్ట్‌స్టాప్ ఆరు, ఫస్ట్ బేస్ మూడు, అందుకని అతను ఆపి ఇతనికి విసిరి ఔట్ చేస్తే 6-3. మూడు స్ట్రైకులు పడి ఔటైతే, అంటే స్ట్రైకౌట్ అయితే, కె అని రాస్తారు. మూడో స్ట్రైక్‌ని బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడితే ఆ కె ని తిరగేసి రాస్తారు. మా ఆయన వరసలో తిరగేసిన కెలు ఎక్కువ. ఇంటికొచ్చాక "అది బయట పడింది, అంపైర్‌కి కళ్లు లేవు" అంటే పుస్తకం తీసి చూపిస్తాను. ఇప్పుడు టీమ్ స్కోరర్‌ని నేనే.

తెల్ల ప్యాంటు మీద ఎర్రమట్టి సంగతి: తడిగా ఉండగా నీళ్లలో పెట్టకండి, మట్టి దారాల్లోకి దిగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే సబ్బు. లేదంటే నల్ల ప్యాంటు ఉన్న టీమ్‌లో చేరండి.

రైట్ ఆర్మ్ మీడియం

సుభద్ర అక్కా, మీ పోస్ట్ మా ఇంట్లో చదివి వినిపించారు. ఇప్పుడు నాకూ ఎర్ర పెన్ను, నీలం పెన్ను అంట. మీకు పుణ్యముంటుంది.

నిషికసాయి నాయుడు · టోక్యో

ఇక్కడ జపాన్‌లో ఈ వ్యవహారం వేరే లెవెల్. 60 నిండినవాళ్లకి కన్రెకి బేస్‌బాల్ అని ప్రత్యేకంగా టీములు, జిల్లా పోటీలు, జాతీయ టోర్నమెంట్లు ఉన్నాయి. 70 దాటినవాళ్లకి మళ్లీ వేరే. మా ఇంటి దగ్గర నది ఒడ్డున గ్రౌండ్లు వరసగా ఉంటాయి, ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్లినా ఎవరో ఒకరు లైన్లు గీస్తూ కనిపిస్తారు.

పెద్ద తేడా బంతి. ఇక్కడి పెద్దవాళ్లు ఎక్కువగా ఆడేది లోపల బోలుగా ఉండే రబ్బర్ బంతితో. తోలు బంతి తగిలితే ఎముక విరగొచ్చు, ఇది తగిలితే కమిలి ఊరుకుంటుంది. ఎగిరే తీరు వేరు, నేల మీద పడ్డాక ఎత్తుగా లేస్తుంది. క్రమశిక్షణ మాత్రం తోలు బంతి వాళ్లకేం తీసిపోదు. మేనేజర్ జెర్సీ మీద 30, కెప్టెన్‌ది 10. రెండు జట్లూ ఎదురెదురుగా వరసలో నిలబడి వంగి దండం పెట్టుకుని మొదలుపెడతారు.

ఇంకోటి, మాస్టర్స్ కోషియెన్ అని 2004 నుంచి జరుగుతోంది. హైస్కూల్ బేస్‌బాల్‌కి కోషియెన్ స్టేడియం అంటే ఇక్కడి వాళ్లకి ప్రాణం, 1924 నాటిది. పదిహేడేళ్ల వయసులో అక్కడ ఆడలేకపోయినవాళ్లు, ఆడినవాళ్లు, తమ స్కూల్ పాత విద్యార్థుల టీమ్‌గా మళ్లీ అక్కడికి వెళ్లి ఆడతారు. మా ఆఫీసు సీనియర్ ఒకాయన ఎప్పుడూ నోరు విప్పడు. ఆ మట్టి మీద నిలబడ్డానని చెప్తూ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు.

లెఫ్టీ లింగం

నాయుడు గారూ, అక్కడ బెంచ్ గొడవ లేదా?

నిషికసాయి నాయుడు

ఎందుకుండదు? కాకపోతే ఇక్కడ ఎవరూ పైకి అనరు. మ్యాచ్ అయ్యాక ఇజకాయాలో (ఇక్కడి బార్ లాంటిది) మూడో బీర్ దగ్గర బయటపడుతుంది.

పాత పేపర్ · విజయవాడ

నేను ఆడను, చదువుతాను, అంతే. వయసు మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు.

సాచెల్ పేజ్ అనే పిచర్ 1965లో కాన్సస్ సిటీ అథ్లెటిక్స్ తరఫున మేజర్ లీగ్‌లో మూడు ఇన్నింగ్స్ పిచింగ్ చేశాడు, అప్పటికి ఆయనకి 59. మధ్యలో కూర్చోడానికి బుల్‌పెన్‌లో (పిచర్లు వార్మప్ అయ్యే చోట) ఊగే కుర్చీ కూడా వేయించారు. ప్రేక్షకుల్ని రప్పించడానికి ఓనర్ చేసిన హడావిడే అది. కానీ రెడ్ సాక్స్ వాళ్లు కొట్టింది ఒకే ఒక్క హిట్, అది కూడా కార్ల్ యస్ట్రెమ్స్కీ. నల్లజాతివాడైనందుకు మంచి వయసంతా మేజర్ లీగ్ బయటే గడపాల్సి వచ్చినవాడు ఆయన. 1948లో లోపలికి రానిచ్చేసరికే 42 ఏళ్లు. అందుకని ఆ మూడు ఇన్నింగ్స్‌ని ఉత్త తమాషా అనుకోవడం నాకిష్టం ఉండదు.

బిల్ లీ అని రెడ్ సాక్స్ పాత పిచర్, 2012లో 65 ఏళ్ల వయసులో కాలిఫోర్నియాలో ఒక చిన్న ప్రొఫెషనల్ లీగ్ జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్ వేసి గెలిపించాడు. జేమీ మోయర్ అనే ఇంకో పిచర్ అదే ఏడాది 49 ఏళ్లకి మేజర్ లీగ్‌లోనే మ్యాచ్ గెలిచాడు.

ఫ్లోరిడా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిడ్స్ అండ్ కబ్స్ అని 1930లో మొదలైన సాఫ్ట్‌బాల్ క్లబ్ ఉంది. 75 నిండనిదే సభ్యత్వం ఇవ్వరు. గుంటూరు బాబుకి ఇంకా 28 ఏళ్లు టైముంది, తొందరేం లేదు.

కీళ్ల అక్కయ్య

పేపర్ గారూ, మోయర్ సంగతి బాగుంది గానీ అంతకుముందు మోచేతికి ఆపరేషన్ చేయించుకుని ఏడాదికి పైగా తిరిగి బాగుచేసుకున్నాడని కూడా రాయండి. మావాళ్లు సగం చదివి బంతి పట్టుకుంటారు.

చెక్క బ్యాట్ · అట్లాంటా

సామాన్ల గురించి ఎవరూ రాయలేదు. బ్యాట్‌ని విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్ చేయాల్సిందే. గ్లవ్‌ని మాత్రం చచ్చినా చెక్-ఇన్ చేయకండి, చేతి బ్యాగ్‌లో పెట్టుకోండి. బ్యాట్ పోతే ఎవరిదైనా అడిగి తీసుకోవచ్చు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన గ్లవ్ పోతే ఎదుటివాడిది మన చేతికి పట్టదు.

మీ టోర్నమెంట్‌లో చెక్క బ్యాటే ఉండాలా, మెటల్ ఒప్పుకుంటారా, ముందు కనుక్కోండి. చెక్క అయితే ఒకటి కాదు, రెండు పట్టుకెళ్లండి. మేపుల్ బాగుంటుంది గానీ లోపలి బంతికి హ్యాండిల్ దగ్గర తగిలితే ముక్కలైపోతుంది. వంద డాలర్లు ఒక్క "టక్" శబ్దంతో అయిపోతాయి. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకి ఈ బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది, 33 అంగుళాలది తొమ్మిది వందల గ్రాములు కూడా ఉండదు. ఆ తేలికని నమ్మి మణికట్టుతో ఆడేస్తారు. నడుము తిరగాలి.

డాలస్ గుంటూరోడు

అందరి పోస్టులూ చదివాక మా మేనేజర్‌కి నేరుగా ఈమెయిల్ పెట్టాను: రోస్టర్ ఎంతమంది, ఎవరు బ్యాట్ చేస్తారు, ఆదివారం పద్ధతి ఏంటి అని. కోపం వస్తుందేమో అనుకున్నా. గంటలో జవాబు వచ్చింది. 14 మంది, గ్రూప్ మ్యాచ్‌ల్లో అందరూ బ్యాటింగ్, ఆదివారం దాకా వెళ్తే 11 మంది, కూర్చోవాల్సిన ముగ్గురు ఎవరో శనివారం రాత్రే చెప్తానన్నాడు. నాకు అది సరిగ్గానే అనిపించింది. లేబర్ డేకి పేరు ఇచ్చేశాను. కారులోనే నలుగురం కలిసి వెళ్తున్నాం.

ఫీనిక్స్ ఇంకా తేలలేదు. మా ఆవిడ గ్రాండ్ కాన్యన్ కలిపితే సరే అంటోంది.

ఫీనిక్స్ బాబాయ్

కలుపు, కానీ మ్యాచ్‌లు అయ్యాకే. సౌత్ రిమ్ ఇక్కడి నుంచి మూడున్నర గంటల డ్రైవ్. ముందే వెళ్లి ఆ దారుల్లో దిగి ఎక్కితే మర్నాడు సెకండ్ బేస్ దగ్గర వంగలేవు. మా ఇంట్లో చాపలు ఖాళీగానే ఉంటాయి, ఫ్యామిలీతో వస్తే గెస్ట్ రూమ్ ఇస్తాను.

లెఫ్టీ లింగం

14 మందిలో పిచర్లు ఎంతమంది? అది అడిగారా?

డాలస్ గుంటూరోడు

ముగ్గురు. వాళ్లలో ఒకాయన భుజం మీద అందరికీ అనుమానమే. కాలేజీలో ఆఫ్ స్పిన్ వేసేవాణ్ణని మా ప్యూర్టో రికో ఆయన ఊరుకోకుండా చెప్పేశాడు. ఇప్పుడు నాలుగోవాడిగా నన్ను వేయమంటున్నారు. గురువారం ప్రాక్టీస్‌లో మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) ఎక్కాను, పదంగుళాల ఎత్తు నుంచి దిగుతూ వేయడం వింతగా ఉంది. అరవై అడుగుల ఆరంగుళాలు అంటే మన పిచ్ కంటే కాస్త తక్కువే కదా అనుకున్నా, తీరా చూస్తే సగం బంతులు క్యాచర్ తల మీంచి పోయాయి.

మేనేజర్ మావయ్య

బంతిని మరీ ముందుగా వదిలేస్తున్నారు, అంతే. ఇక్కడ మోచెయ్యి వంచొచ్చు, చకింగ్ అని అనేవాడు లేడు, ధైర్యంగా వంచండి. మన వయసు బ్యాటర్లకి స్పీడ్ అక్కర్లేదు. స్ట్రైక్‌జోన్‌లో (బ్యాటర్ కొట్టాల్సిన పరిధిలో) నెమ్మదిగా పడేస్తే వాళ్లే తొందరపడి గాల్లోకి లేపుతారు. శనివారం ఒక్క ఇన్నింగ్స్‌కి మించి వేయనని ముందే చెప్పండి. ఆదివారం ఎలాగూ మీ దగ్గరికే వస్తారు.